సాయవ్వ వేలి మీద రెండు మచ్చలు

ఆర్మూరు వెళ్ళొచ్చానని తెలియగానే మా దుగ్గిరాలలో ప్రతివాళ్ళూ అడిగిన మొదటి మాట, "అక్కడ పసుపు ఎలా పలుకుతోందండీ?" అని. మా ఊరు అంతే. కాశీ వెళ్ళొచ్చిన వాళ్ళని కూడా అక్కడ కొమ్ము రంగు ఎలా ఉందని అడుగుతారు. పసుపు సంగతి చెప్పాను. నల్లరాతి గుట్టల సంగతి చెప్పాను. పచ్చిపులుసు సంగతి చెప్పి నవ్వించాను కూడా. చెప్పకుండా మిగుల్చుకున్నది ఒకటుంది. దాన్ని మొదలుపెట్టినప్పుడల్లా వినేవాళ్ళు మధ్యలో "అయ్యో పాపం" అని, మళ్ళీ ధరల్లోకి వెళ్ళిపోయేవాళ్ళు. కాగితం మీదయితే ఎవరూ మధ్యలో అడ్డు రారు కదా అని ఇలా కూర్చున్నాను.

లోక్‌సభ ఎన్నికలు మాటిమాటికీ వచ్చిపడిన తొంభైల నాటి సంగతి. మా తమ్ముడు రమణ ఆర్మూరు హైస్కూల్లో మాస్టారు. పోలింగు డ్యూటీ సిరికొండ దాటాక ఎక్కడో అడవి పక్క ఊళ్ళో పడింది. ఆ వైపు నక్సలైట్లు ఓట్లు వెయ్యొద్దని గోడల మీద రాతలు రాస్తున్నారని విని, మరదలు సుశీల చంటిపిల్లతో ఒంటరిగా ఉండలేనని భయపడింది. మా జిల్లాలో పోలింగు తర్వాతి విడతలో కాబట్టి నేను తోడు వెళ్ళాను.

గుట్టలు, గోతాలు

నిజామాబాదులో రైలు దిగి ఆర్మూరు బస్సెక్కితే, కిటికీ పక్కన నాకంటే ముందే ఒక గోనెసంచి కూర్చుని ఉంది. దాని యజమాని, తెల్ల తలపాగా చుట్టిన ముసలాయన, దాన్ని కదిపేలా కనిపించలేదు.

"ఏ ఊరమ్మా మీది?" అన్నాడు.

దుగ్గిరాల అన్నాను.

"అరె, పసుపోళ్లే! గట్ల ముందే చెప్పొద్దా?" అంటూ సంచిని ఒళ్ళోకి తీసుకుని నాకు చోటిచ్చాడు. అందులోంచి ఒక కొమ్ము తీసి పుటుక్కున విరిచి నా చేతిలో పెట్టాడు. "చూడుండ్రి. మీది ఎక్కువనా, మాది ఎక్కువనా?"

లోపల రంగు మా కొమ్ము కంటే ముదురుగానే ఉంది. అయినా ఊరి పరువని ఒకటుంటుంది. "రెండూ ఒకటేలెండి" అన్నాను. ఆయనకి నా అబద్ధం తెలిసిపోయింది, మీసాల్లో నవ్వుకున్నాడు. దిగేటప్పుడు బస్టాండులో చాయ్ కూడా తాగించాడు. మా వైపు గ్లాసులో సగం కూడా ఉండదు ఆ కప్పు, కానీ చిక్కదనం చూస్తే చెంచా నిలబడేట్టుంది. డబ్బులివ్వబోతే ఒప్పుకోలేదు.

ఆర్మూరు చుట్టూ గుట్టలున్నాయి. కొండలంటే మాకు పచ్చగా ఉండాలి. ఇక్కడివి ఎవరో నల్లటి బండలు తెచ్చి పోగేసి, సర్దడం రేపు చూద్దామని వెళ్ళిపోయినట్టున్నాయి. వాటి కింద ఊరు, ఊరంతా పసుపు. రోడ్డు పక్క ఆరబోసిన కొమ్ములు, లారీల మీద గోతాలు, హమాలీల కనుబొమల మీద కూడా పసుపు పొడి. మా యార్డులో హమాలీలు తిట్టుకుంటే పోట్లాట. ఇక్కడ ఉర్దూలో తిట్టుకుని తెలుగులో కలిసిపోతారు.

మొదటిరోజు భోజనంలో సుశీల చారులాంటిది వడ్డించింది. చింతపండు రసం, ఉల్లిపాయ ముక్కలు, పచ్చిమిరప, అంతా చల్లగా ఉంది. "గ్యాసు అయిపోయిందా అమ్మాయ్?" అన్నాను. "దీన్ని పొయ్యెక్కించరు వదినా, పచ్చిపులుసంటే ఇదే" అని పడీపడీ నవ్వింది. రెండోసారి నేనే అడిగి పోయించుకున్నాను.

రమణ పుస్తకం

రమణ బడిపిల్లవాడిలా పుస్తకం ముందేసుకుని కూర్చున్నాడు. పోలింగు అధికారులకిచ్చే పుస్తకం. చదివినవన్నీ మాకు అప్పజెప్పేవాడు. పెట్టె, పెట్టెకు కాగితపు సీళ్ళు, లక్క, కొవ్వొత్తి, అగ్గిపెట్టె, దారం, సూది, గుర్తు వెయ్యడానికి రబ్బరు ముద్ర, సిరా సీసా, ఆ సీసా ఒరిగిపోకుండా ఇసుక పోసిన డబ్బా.

"ఇది ఎన్నికా, పెళ్ళి సరంజామానా?" అన్నాను.

"పెళ్ళిలో ఏదైనా మరిచిపోతే పక్కింటి నుంచి తెచ్చుకోవచ్చు అక్కయ్యా. అక్కడ అగ్గిపుల్ల లేకపోయినా దిక్కులేదు" అన్నాడు.

పాత క్యాలెండరు కాగితాన్ని బ్యాలెట్ అనుకుని ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచి చూపించాడు. అలా మడిస్తే ముద్ర తడి ఇంకో గుర్తు మీద అంటుకోదట. ఒక మనిషి ఓటు పాడవకుండా ఎవరో ఎక్కడో కూర్చుని మడత గురించి కూడా ఆలోచించారని నాకు ముచ్చటేసింది. ఎడమచేతి చూపుడువేలి పేజీ కూడా చదివాడు. వేలు చూడాలి, అప్పటికే సిరా గుర్తు ఉంటే కాగితం ఇవ్వకూడదు, లేకపోతే గుర్తు పెట్టి ఇవ్వాలి. "ఇది లేకపోతే ఒక్కడే పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా వేస్తూనే ఉంటాడు" అన్నాడు. నేను చంటిపిల్లకి జోలపాట పాడుతూ విన్నాను. మర్నాడు పొద్దున్నే వాడు సామాను పంచేచోటికి వెళ్ళిపోయాడు.

సాయవ్వ చాట

రమణ అద్దె ఇంటి పక్కవాటాలో సాయవ్వ ఉంటుంది. ముప్పై అయిదేళ్ళుండొచ్చు. ఆ వీధిలో ఆడవాళ్ళందరి ఒళ్ళోలాగే ఆమె ఒళ్ళోనూ చాట, చాటలో తునికాకు, పొగాకు, దారపు ఉండ. మా వైపు మధ్యాహ్నాలు ఆడవాళ్ళు అరుగుల మీద చేరితే కబుర్లకి చేతులు కూడా ఆగిపోతాయి. ఇక్కడ నోరు ఎంత నడిస్తే చెయ్యి అంత నడుస్తుంది. మాట్లాడుతూ, నా మొహం చూస్తూనే సాయవ్వ బీడీ చుట్టి, కొన మడిచి, దారం కట్టి పడేసేది. నేను సరదాపడి ఒకటి చుట్టాను. అది విచ్చుకుని పొగాకంతా నా చీర మీద పోసింది. "నీ బీడి తాగెటోడు దవాఖానకు పోతడక్కా" అంది.

భర్త మస్కట్‌లో ఉంటాడు. ఓట్ల మాట ఎత్తగానే ఆమె చెప్పింది.

"నా పెనిమిటి మస్కట్ల ఉంటడు, ఆయన ఓటు మాత్రం ప్రతిపాలి పడ్తది. నేను ఈడ్నే ఉంట. నేను పోయేసరికి నా ఓటు గుడ పడ్తది. మా ఇంట్ల ఓట్లకు మాతోని పనే లేదక్కా."

"పడ్డదా? ఎవరు వేశారు?"

"ఎవలేసిండ్రో ఎవలకు ఎరుక? బువ్వ వండి, బీడీలు కార్ఖానల ఇచ్చి, మాపటికి పోతి. 'నీ ఓటు పడ్డది పో' అన్నరు. ముంగటిపాలి గట్లనే, ఆ ముంగటిపాలి గట్లనే. రేషన్ కార్డుల నా పేరుంటే బియ్యం అస్తయి. బీడీ కార్డుల నా పేరుంటే పైసలస్తయి. ఓట్ల లిస్టుల పేరు ఒక్కటే, ఉండి వేరేటోళ్లకు పన్జేస్తది."

"మరి ఈసారి?"

చేతిలో బీడీ ఆగింది. ఆమె చెయ్యి ఆగడం నేను చూసింది అదొక్కసారే. "ఈసారి పొద్దుపొడువక ముందే పోత. అందరికన్న ముంగట నిలబడ్త. నాకన్న ముందు ఎవడేస్తడో చూస్త. కాయితం డబ్బల పడ్డ సప్పుడు ఒక్కపాలి నా చెవులతోని ఇనాలె."

ఆమె ఎడమచేతి చూపుడువేలు వాచి ఉంది. గోరు మొదట్లో, గోరు మీదికి పాకుతూ నల్లటి మచ్చ. ఏమిటది అని అడిగాను.

"గోరుసుట్టు లేచింది. ఆకు అదిమి పట్టేది గీ ఏలే గదా. మా వాడల మందులేసె ముసల్ది, ఎంకవ్వ, జీడి ఏసింది. నాలుగొద్దులల్ల నొప్పి తగ్గిపాయె."

నల్లజీడి గింజని కాల్చి, కారిన నల్లటి నూనెని సూదిమొనతో తీసి నొప్పి ఉన్నచోట పెడతారట. చాకలివాళ్ళు బట్టల మీద గుర్తులు పెట్టేది కూడా ఆ గింజతోనే. తోలు ఊడితే తప్ప పోదు. మా వైపు గోరుచుట్టుకి నిమ్మకాయ తొడుగుతారని చెప్పాను. "ఇంత పసుపు ఊళ్ళో పెట్టుకుని పసుపైనా రాసుకోవద్దూ?" అన్నాను. "పసుపు బజార్లకు, జీడి మాకు" అని నవ్వింది.

ఆ వేలు నా కళ్ళ ముందుంది. రమణ చదివిన పేజీ ఇంకా చెవుల్లోనే ఉంది. రెండూ ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.  ఒక్కమాట, "ఆ మచ్చ చూసి ఏమైనా అంటారేమో, ఎంకవ్వని వెంటబెట్టుకెళ్ళు" అని ఉంటే సరిపోయేది. కానీ తోచలేదు. ఆమెకీ తోచలేదు, ఆ వీధిలో ఎవరికీ తోచలేదు. జీడి మచ్చ వాళ్ళకి గాజుల్లాగా, పుట్టుమచ్చలాగా ఒంట్లో భాగం.

బడి ముందు వరుస

పోలింగు రోజు ఇంకా మసక ఉండగానే సాయవ్వ తలస్నానం చేసి, పెట్టెలోంచి తీసిన చీర కట్టుకుని, చంకలో చాటతో బయల్దేరింది. చూద్దామని నేనూ వెంట వెళ్ళాను. బడి చుట్టూ సున్నంతో గీత గీశారు. ఓటు లేని నేను గీత ఇవతల ఒక చెట్టు నీడన నిలబడ్డాను. ఆడవాళ్ళ వరుసలో సాయవ్వే మొదటిది. ఆమె వెనక చేరినవాళ్ళందరి చేతుల్లోనూ చాటలు. గోడ వారన కూర్చుని బీడీలు చుడుతూ ఓటుకి ఎదురుచూసే వరుసని నేనెక్కడా చూడలేదు. మా వైపు వరుసలో నిలబడి విసుక్కుంటాం. విసుగు కూడా తీరిక ఉన్నవాళ్ళ సొత్తేనని ఆ రోజు తెలిసింది.

తలుపు తెరిచారు. చాటని చేతులు మార్చి నా దాకా పంపి సాయవ్వ లోపలికెళ్ళింది. వెనకున్నామె వెళ్ళి వచ్చింది, ఆ వెనకామె వెళ్ళి వచ్చింది. వాళ్ళ వేళ్ళ మీద సిరా తడి మెరుస్తోంది. తర్వాత సాయవ్వ వచ్చింది. వేలి మీద సిరా తడి లేదు.

"'నువ్వు ఏసి అచ్చినవ్' అంటుండ్రక్కా."

"తలుపు తెరవగానే వెళ్ళింది నువ్వే కదా! ఎక్కడ వేసి వస్తావు?"

"వేరే ఊర్ల ఏసి అచ్చిన్నంట. ఏలు చూపెట్టు అన్నరు. చూపెట్టిన. గా తెల్లంగి ఏజెంటు లేచి, 'సిరా ఉన్నది, దొంగ ఓటు' అని ఒర్రిండు."

నాకు ఒళ్ళు మండింది. గీత సంగతి మరిచిపోయి వరండా మెట్ల దాకా వెళ్ళాను. పోలీసు ఆపాడు. నా గొంతు విని పోలింగు అధికారే గుమ్మం దాకా వచ్చాడు. చెమటకి కాలరు తడిసిపోయిన, మర్యాదస్తుడైన మనిషి.

"తల్లీ, తలుపు తియ్యంగనే నాకు గిదేం పంచాయితి? మచ్చ ఉంటె కాయితం ఇయ్యొద్దని రూలు. జీడి అంటుంది ఆమె. జీడి పోదు, సిరా పోదు. రెండిట్ల ఏదని నేనెట్ల చెప్పాలె?"

లోపల్నుంచి ఆ ఏజెంటు గొంతు వినపడింది. "ఇయ్యాల ఒకలు జీడి అంటరు, గంటకు ఊరంత జీడే అంటది సార్!"

ఆ మాటలో తప్పేమీ లేదు. అదే నాకు మరీ కోపం తెప్పించింది. చివరికి అధికారి అన్నాడు: "జీడి పెట్టినామెను తోల్కరాండ్రి. పోలింగ్ బంద్ కాకముందు తెస్తె, ఏజెంట్ల ముంగట అడిగి, ఒప్పుకుంటె ఇస్త. నా చేతిల ఉన్నది గంతే."

ఎంకవ్వ ఆ వారం అంకాపూర్‌లో కూతురింట్లో ఉందట. సాయవ్వ చాట తీసుకుంది. జాబితాలోని పేరు, నంబరు రాసి ఉన్న ఆమె ఓటు చీటీ మాత్రం లోపల బల్ల మీదే ఉండిపోయింది. అడిగితే, "మళ్ల అచ్చినప్పుడు తీస్కో" అన్నాడట ఆ ఏజెంటే.

అంకాపూర్ దారి

బస్సులన్నీ పెట్టెలు మోయడానికి పోయాయి. నడక తప్పలేదు. ఊరు దాటగానే ఒక పార్టీ జీపు పక్కన ఆగింది. "రాండ్రి అవ్వా, దించుతం" అన్నాడు అందులో కుర్రాడు. నా కాళ్ళు అప్పుడే ఎక్కేశాయి. సాయవ్వ నా చెయ్యి పట్టి లాగింది.

"వద్దక్కా. జీబెక్కితె ఓటు గుడ ఎక్కినట్టె. దిగేటప్పుడు ఎవలకేస్తవని అడుగుతది."

ఎండలో నడిచాం. అంకాపూర్ పేరు మా వైపు రైతులు కూడా విన్నదే. విత్తనాల పంటలు. దారి పక్క పొలాలు దువ్వెనతో దువ్వినట్టున్నాయి. మక్కలనే మొక్కజొన్న చేలు, పసుపు తవ్వేశాక మళ్ళీ దున్నిన మళ్ళు. ఎర్రటి నిప్పుల మీద మక్క కంకులు కాల్చి అమ్ముతున్న ఒకామె మమ్మల్ని చూసి, అడక్కుండానే రెండు చేతిలో పెట్టింది. "ఓటేసినవా?" అని సాయవ్వ ఆమెనడిగింది. ఆమె వేలు చూపించింది. సాయవ్వ ఆ వేలి వంక చూసిన చూపు నేను మర్చిపోలేను. పండక్కి పక్కింటి పిల్ల కొత్త గౌను చూసే పిల్ల కూడా అంత ఆశగా చూడదు.

ఎంకవ్వ ఇంట్లో లేదు, కూతురి చేనుకి వెళ్ళింది. చేనుకి వెళితే అక్కడి నుంచి ఇంటికి బయల్దేరిందన్నారు. తిరిగొచ్చేసరికి అరుగు మీద తీరిగ్గా కూర్చుని ఉంది. సంగతి వినగానే ముసలిది మండిపడింది.

"నా జీడిని సిరా అన్నడా? వాని మోకాలికి నొప్పి లేసినప్పుడు జీడి ఏసిన చెయ్యే ఇది! పా, అడుగుత."

కానీ కూతురు తిననిదే కదలనివ్వలేదు. జొన్నరొట్టెలు, నాటుకోడి కూర పెట్టింది. అంకాపూర్ కోడికూర సంగతి రమణ ఎంతో చెప్పాడు. అందులో కారం తప్ప నాకేమీ తెలియలేదు. సాయవ్వ ఒక్క ముక్క ముట్టుకోలేదు, పొద్దు వంకే చూస్తూ కూర్చుంది. నేనేమో మొహమాటపడి రెండో రొట్టె వేయించుకున్నాను. ఆ రొట్టె ఇప్పటికీ అరగలేదు.

తిరిగొచ్చేటప్పుడు ఎంకవ్వ నడక సాగలేదు. గడ్డి బండి ఒకటి దొరికితే ఎక్కాం. ఎద్దులు వాటి ఇష్టమొచ్చినట్టు నడిచాయి. సాయవ్వ బండి ముందు కూర్చుని దారి వంక చూస్తూనే ఉంది.

కవరు

మేం చేరేసరికి పోలింగు ముగియడానికి ఇంకా టైముంది. ఎంకవ్వ లోపలికెళ్ళి చేసిన రభస గీత ఇవతలికి కూడా వినపడింది. కొంగుముడిలో తెచ్చిన జీడిగింజ అధికారి బల్ల మీద పెట్టి, "నీ ఏలికి గుడ ఏస్త, చూస్కో సారూ" అందట. ఆయన చెయ్యి వెనక్కి లాక్కున్నాడట. సిరా అయితే గీతలా సాగుతుంది, సాయవ్వ వేలి మీదది సూదిమొన చుక్కలు కలిసిన మచ్చ, చుట్టూ కాలిన తోలు. సిరా పెట్టిన ఇంకొకరి వేలి పక్కన పెట్టి చూస్తే తేడా తెలుస్తూనే ఉంది. ఏజెంట్లు సరేనన్నారు. పొద్దున అరిచిన తెల్లంగి అందరికంటే ముందు ఒప్పుకున్నాడట. "అమాయకురాలు, ఏసుకోనియ్యిండ్రి సార్" అని నవ్వాడట కూడా.

ఆ నవ్వెందుకో జాబితా తెరిచాక తెలిసింది. సాయవ్వ పేరు దగ్గర అప్పటికే గీత కొట్టి ఉంది. మేం అంకాపూర్ దారిలో ఎండలో నడుస్తుండగా, ఎవరో ఆ చీటీ తెచ్చి, సాయవ్వనని చెప్పి, వేలికి సిరా పెట్టించుకుని, కాగితం పెట్టెలో వేసి పోయారు. అధికారి తలపట్టుకున్నాడట. అన్ని వందల మొహాల్లో ఆ చీటీతో వచ్చిన మొహం ఏదో ఆయనకి గుర్తు లేదు.

"నీ ఓటు పడ్డది" అన్నారు మళ్ళీ. గోరుచుట్టు మీద రోకటిపోటు అని మనవాళ్ళు ఊరికే అనలేదు.

సాయవ్వ మాత్రం కదల్లేదట. "నేను అంకాపూర్ల ఉంటె నా ఓటు ఈడ ఎట్ల పడ్తది?" అని బల్ల ముందే నిలబడింది. అధికారి పుస్తకం తిరగేసి, ఏవో ప్రశ్నలడిగి, సంతకం బదులు వేలిముద్ర తీసుకుని, చివరికి ఒక బ్యాలెట్ ఇచ్చాడు. ఆమె మరుగులోకి వెళ్ళి ముద్ర వేసి, మడిచి, పెట్టె దగ్గరికి వెళ్ళింది. ఆయన చెయ్యి అడ్డం పెట్టి, ఆ కాగితం తీసుకుని ఒక కవర్లో పెట్టాడు.

బయటికొచ్చి నాకు వేలు చూపించింది. జీడి మచ్చకి ఆనుకుని సిరా గీత. ఎంకవ్వ "ఏసినవా బిడ్డా, నీ బాంచెన్!" అని ఆమె బుగ్గలు నిమిరింది. సాయవ్వ నవ్వింది కానీ ఆ నవ్వు సగమే.

"డబ్బల ఎయ్యనియ్యలేదక్కా. లిఫాఫల పెట్టిండు. గది గుడ లెక్కవెడ్తరు గదా?"

నాకు తెలియదు. తెలియదనే చెప్పాను. "రమణ వచ్చాక అడుగుతాను" అన్నాను.

"సారుకు ఎరుకుంటది. జర అడుగక్కా."

బస్సు కిటికీ

రమణ మర్నాడు మధ్యాహ్నానికి వచ్చాడు. పెట్టెలు అప్పగించే వరుసలోనే రాత్రంతా గడిచిందట. కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయి. వాడికి డ్యూటీ పడ్డ ఊళ్ళో బెదిరింపులున్నా ముసలివాళ్ళు కూడా వచ్చి వేశారని, ఒకామె పెట్టెకి దణ్ణం పెట్టి మరీ వేసిందని చెప్పాడు. అన్నం తిన్నాక సాయవ్వ సంగతి చెప్పాను. వింటూ వింటూ వాడు గ్లాసు కింద పెట్టేశాడు.

"అది టెండర్ ఓటు అక్కయ్యా. ఒకరి పేరున ముందే ఎవరో వేసేస్తే, అసలు మనిషికి అలా ఇస్తారు. కవర్లో పెట్టి సీలు వేస్తారు. కేసు పడి కోర్టు అడిగితేనే విప్పుతారు. లేకపోతే లెక్కలోకి రాదు."

"మరి ఆ దొంగ ఓటు?"

"అది పెట్టెలో కలిసిపోయింది. దాని మీద పేరుండదుగా. లెక్కలోకి వస్తుంది."

మడత గురించి కూడా ఆలోచించినవాళ్ళు దీని గురించి ఆలోచించలేదా అని వాడి మీదే విరుచుకుపడ్డాను. "ఆలోచించారు కాబట్టే ఆ కవరైనా ఉంది" అన్నాడు నెమ్మదిగా. "అయినా అక్కయ్యా, ఆ ఏజెంటు చీటీ ఇవ్వకుండా ఆపుకున్నప్పుడు ఆ గదిలో అందరూ చూశారు. ఒక్కరైనా అది ఆమెకిచ్చెయ్యమనలేదు. రూలు తన పని తాను చేస్తుంది. మనుషుల పని కూడా రూలే చెయ్యాలంటే ఎలా?" 

రెండు రోజుల తర్వాత నేను బయల్దేరాను. సాయవ్వ బస్టాండుకి వచ్చింది. దారిలో తినమని బియ్యప్పిండితో రొట్టెలా సర్వపిండి చేసి, ఆకులో చుట్టి తెచ్చింది. నేను కిటికీ పక్కన కూర్చున్నాక కింద నిలబడి అడిగింది.

"సారునడిగినవా అక్కా?"

అబద్ధం నాలిక చివరిదాకా వచ్చింది. పసుపు రంగు గురించి ముసలాయనకి చెప్పినంత సులువుగా చెప్పెయ్యొచ్చు. ఆమె మొహం చూస్తే నోరు రాలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. కవరు విప్పరని, ఎవరో వేసిందే లెక్కకొస్తుందని.

సాయవ్వ చెయ్యి పైకెత్తి, ఎండకి పట్టుకుని, ఆ వేలు చూసుకుంది. సిరా ఎండిపోయి జీడి కంటే నల్లగా కనపడుతోంది.

"లెక్కవెట్టని ఓటుకు సిరా ఎందుకు పూసిండ్రక్కా?"

డ్రైవరు హారన్ కొట్టాడు. బస్సు కదిలింది. ఆమె పక్కనే నాలుగడుగులు నడిచి, "మళ్ల ఓట్లప్పుడు ఏలికి ఏమి పెట్టిచ్చుకోను. నొప్పి లేసినా ఓర్సుకుంట" అని అరిచింది. నేను చెయ్యి ఊపాను. సర్వపిండి నిజామాబాదు దాకా ఒళ్ళోనే వేడిగా ఉంది, తినబుద్ధి కాలేదు.

ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి మా ఊళ్ళో పోలింగు. ఎన్నేళ్ళుగానో నేను మధ్యాహ్నం భోజనాలయ్యాక, కునుకు తీశాక, గుర్తుంటే వెళ్ళేదాన్ని. వెళ్ళని సార్లు కూడా ఉన్నాయి. ఆ వెళ్ళనప్పుడు నా ఓటు ఎవరి చేతుల్లో పడిందో ఎప్పుడూ అడగలేదు. ఈసారి తెల్లారగానే వెళ్ళి అందరికంటే ముందు నిలబడ్డాను. వెనకాల పక్కింటావిడ "ఏమిటండీ అంత తొందర, ఆర్మూరులో పసుపు ఎలా పలుకుతోంది?" అంది. చెప్పాను.

లోపల నా వేలు ఎవరూ అనుమానంగా చూడలేదు. సిరా పెట్టి కాగితమిచ్చారు. ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా మడిచాను. పెట్టె సందులోంచి జారవిడిచి, చెవి దగ్గరగా పెట్టి ఆగాను. ఖాళీ పెట్టె కదా, మొదటి కాగితం అడుగున పడ్డ చప్పుడు బాగా వినపడింది.

ఆ చప్పుడు సాయవ్వ ఇంకా వినలేదు.